తాసిల్దారు గారి కింది తొట్టి

మార్కాపురం,
11 జూన్ 2023.

శ్రీ నాగభూషణం గారికి,

గురుస్వామి నమస్కరించి రాసేది. ఇక్కడ నేను క్షేమం. మీ క్షేమం అడగడం లేదు. మా ఆవిడ మీ ఇంట్లో ఉంది కాబట్టి ఆమె క్షేమం అడుగుతున్నాను. మోకాళ్ళ కుట్లు ఆరాయా? రోజూ ఫోన్ చేస్తే "బాగున్నా" అంటుంది, అంతకుమించి ముక్క రాలదు.

మీకు ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, పోయిన ఏడాది మీ కొట్టులో కొన్న అద్దంలో నా మొహం వంకరగా కనపడుతోందని నేనన్నాను. అద్దం సరిగ్గానే ఉందని మీరన్నారు. నేను జవాబు చెప్పేలోపే ఫోన్ టక్కున పెట్టేశారు. నా అంతట నేను ఇక మీకు ఫోన్ చేయనని ఆరోజే ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టులో ఉత్తరాల ప్రస్తావన లేదు. మొన్న జిల్లాను ముక్కలు చేసినప్పుడు కూడా మార్కాపురం, గిద్దలూరు ప్రకాశంలోనే కలిసి మిగిలాయి. విడిపోయింది మనమే.

విషయానికొస్తాను. కంభంలో చేపలమ్మే ఆమె గంపలోంచి ఎగిరి తన కాళ్ళమీద పడిన కొర్రమీను పిల్లను, శరణు కోరి వచ్చిందని మీ చెల్లెలు ఇంటికి తెచ్చింది. ఉల్లిపాయ కూడా రోజు చూసుకుని తినే మా ఇంట్లో అది మూరెడు పొడుగు పెరిగింది. పగలంతా కదలదు, తిండి కనపడితేనే లేస్తుంది. అందుకే తాసిల్దారు అని పేరు పెట్టాను. దాని అక్వేరియం నీళ్ళు మార్చడానికి ఆమె ఇన్నేళ్ళూ పెరటి కొళాయి నుంచి బకెట్లు మోసింది. ఇక బకెట్ ఎత్తితే కొత్త మోకాళ్ళకు నా పూచీ లేదని ఒంగోలు డాక్టరు చెప్పేశాడు. ఆసుపత్రి నుంచి మీ ఇంటికి వచ్చేటప్పుడు కారులో ఆమె, "ఇంటికి పోయినాక దాన్ని కంభం చెరువులో ఇడిసిపెడతా, ఇంక నా వల్ల గాదు" అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆమె వచ్చేలోపు ఆ నీళ్ళు వాటంతటవే శుభ్రమయ్యే ఏర్పాటు చేయాలని నా పట్టుదల. పెద్ద తొట్టి కింద చిన్న తొట్టి పెట్టాలట. మురికి నీళ్ళు పై తొట్టి అంచు దగ్గరి కన్నంలోంచి పైపు గుండా కిందికి దిగి, స్పాంజిలో, గులకరాళ్ళలో వడకట్టుకుని, మోటారుతో మళ్ళీ పైకి పోతాయట. కింది తొట్టిని సంప్ అంటారు. పై తొట్టికి కన్నం కొన్నప్పుడే ఉంది, రబ్బరు బిరడాతో మూసి ఉంచాం. కింద పెట్టడానికి మీ కొట్టులో చేసిన పాత చిన్న తొట్టి అటక మీద ఉంది. దాని పక్క అద్దానికి, అడుగుకు దగ్గరగా, మోటారు పైపు కోసం కన్నం వేయాలి. ఎలాగో రాయండి. పలకల ఫ్యాక్టరీ నడిపి జుట్టు నెరిసినవాణ్ణి, కన్నాలు నాకు కొత్త కాదు. గాజు గురించి మర్యాదకు అడుగుతున్నాను.

తులసమ్మకు ఈ సంగతి మీ నోటి నుంచి పోకూడదు. పని చెడితే ఆమె ముందు నవ్వులపాలు కాలేను.

ఇట్లు,
గురుస్వామి.

*

గిద్దలూరు,
16 జూన్.

బావా,

ఇన్నేళ్ళు నువ్వు నువ్వు అన్నవాడివి "శ్రీ", "గారు" అనేసరికి కోర్టు నోటీసు వచ్చిందనుకున్నాను. తులసి బాగుంది. కర్ర పట్టుకుని వసారా చివరిదాకా నడిచి, మా కోడలు బట్టలు ఆరేసే తీరుకు వంక పెట్టి తిరిగొస్తోంది. కుట్లు ఆరాయనడానికి ఇంతకంటే రుజువేం కావాలి.

నాకు ఎడమ కంటికి శుక్లం తీశారు. కుడి కన్ను వంతు ఇంకా రాలేదు. నల్లద్దాలు పెట్టుకుని కొట్టులో దేవుడి పటాల మధ్య నేనూ ఒక పటంలా కూర్చుంటున్నాను. రాయగలను, ఒక్కో అక్షరం గుమ్మడికాయంత వస్తోంది. నీ ఆవగింజ అక్షరాలు చదవడం మాత్రం నా వల్ల కాదు. కాగితం ఆదా చేసింది చాలు, పెద్దగా రాయి. ఈసారికి ఎలాగో గట్టెక్కాను. తులసికి నా నోటితో ఒక్క మాట చెప్పలేదు, చెప్పను. ఒట్టు నాకూ వచ్చు.

ఇక గాజు. అది పలక కాదు బావా. ఈ మాట మూడుసార్లు చదువుకో. పలకకు పొరలుంటాయి, దెబ్బ తింటే ఒక పొర ఊడి మిగతాది నిలబడుతుంది. అందుకే మీ మార్కాపురం వాళ్ళు సగం దాకా తొలిచి, పలక తిప్పి, వెనకనుంచి మేకు పెట్టి ఒక్క దెబ్బతో కన్నం దింపుతారు. గాజుకు పొరల్లేవు. పోతే మొత్తం పోతుంది.

వజ్రప్పొడి అంటించిన గుండ్రటి బిట్టు ఉంటుంది, అది తెప్పించుకో. తొట్టిని కన్నం వేసే పక్క పైకి వచ్చేట్టు పడుకోబెట్టు. కన్నం అంచులకు మరీ దగ్గర కాకుండా చూసుకో. చుట్టూ బంకమట్టితో గట్టు కట్టి అందులో నీళ్ళు పొయ్యి, ఆ నీళ్ళలోనే తొలవాలి. ఎండిపోయిందా, వేడెక్కి చిట్లుతుంది. లోపలివైపు టేపు అంటించు. డ్రిల్లు నెమ్మదిగా తిరగాలి, దాని బరువే దానికి చాలు, నువ్వు నొక్కకు. చివర్లో ఇంకా తేలిగ్గా. అంతా అయ్యేదాకా సుత్తి ఇంట్లో లేకుండా ఎవరికైనా ఇచ్చెయ్.

నాగభూషణం.

*

మార్కాపురం,
28 జూన్.

బావగారికి,

అక్షరాలు పెద్దవి చేయడం కుదరలేదు, చెయ్యి అలా అలవాటుపడింది. మీరే ఒక భూతద్దం కొనుక్కోండి.

చిన్న సందేహం. నాకు కాదు, దోర్నాల రోడ్డులో ఉండే ఒక పెద్దమనిషికి. ఆయన కూడా ఇలాగే ఒక గాజు తొట్టికి కన్నం మొదలుపెట్టాడట. బిట్టు తెచ్చాడు, మట్టి గట్టు కట్టాడు, నీళ్ళు పోశాడు, అంతా శాస్త్రోక్తంగా సగం దాకా దించాడు. గాజు పిండి పాలలాగా తేలుతుంటే ఆయనకు పలకల ఫ్యాక్టరీ గుర్తొచ్చిందట. బుర్ర వద్దంటూనే ఉందట. ఈలోపల చేతులు తొట్టిని తిప్పాయి, మేకు వెతికాయి. దెబ్బ చాలా చిన్నది. పెళ్ళికూతురి మీద అక్షింతలు వేసినంత.

ఇప్పుడు పక్క అద్దం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చీలింది. దానికి సిలికాన్ పూస్తే ఆగుతుందా అని ఆ పెద్దమనిషి అడగమన్నాడు.

పక్కింటి యోబు ఇక్కడే ఉన్నాడు. బోరు మోటార్లు బాగుచేస్తాడే, మన తాసిల్దారుకు వానపాములు తెచ్చిపెట్టేది కూడా ఆయనే. పైపుల పని తనే చేస్తానన్నాడు. "ఏంది గురుస్వామన్నా, ఈ చేపకింత ఖర్చా? మా ఇంటామె సువార్తమ్మకిస్తే ఒక్క పూటలో తేల్చేస్తది, చింతపులుసు బెట్టి" అని తాసిల్దారు మొహం మీదే అన్నాడు. అది కదల్లేదు. దాని పేరుకు తగ్గట్టే ఉంది.

గురుస్వామి.

*

గిద్దలూరు,
3 జూలై.

బావా,

దోర్నాల రోడ్డు పెద్దమనిషి కనపడితే నా మాటగా చెప్పు. చీలిన గాజుకు సిలికాన్ పూస్తే తాసిల్దారు ఆఫీసులో ఫైలుకు గమ్ పూసినట్టే, మరుసటి రోజుకు మళ్ళీ విడిపోతుంది. అద్దమే మార్చాలి. ఆయనకు రోషం ఎక్కువనీ, మొహం కాస్త వంకరనీ విన్నాను. ఆయన్ను తిట్టలేదని కూడా చెప్పు. నవ్వాను, అంతే. ఇక్కడ ఆ ఉత్తరానికి చాలాసేపు నవ్వులు నడిచాయి.

ఆ తొట్టి కొలతలు కొట్టులో ఉన్నాయి. అద్దం కోయించి ఉంచాను. బస్సులో పంపాలంటే బేస్తవారిపేట స్పీడ్ బ్రేకర్లు దాటాలి కాబట్టి మెత్తటి బొంత ఒకటి కూడా తీసి పెట్టారు, చుట్టడానికి. పాత సిలికాన్ బ్లేడుతో పూర్తిగా గీకి, అద్దం నిలబెట్టి, కొత్తది పట్టించు. పుల్లటి వాసన పోయేదాకా నీళ్ళు పోయకు.

కానీ అద్దం పంపేముందు ఒక ప్రశ్నకు జవాబు కావాలి. కొర్రమీను మడుగులో బురదలో బతికే జీవం, పైకొచ్చి గాలి మింగుతుంది. దానికింత రాజభోగం అక్కర్లేదు. నువ్వు జన్మలో ఆ చేపను ముద్దు చేయగా నేను చూడలేదు. తులసి దాన్ని చెరువులో వదిలేస్తానంటోంది కదా, వదిలేస్తే పోలేదా? అరవై దాటాక డ్రిల్లు పట్టుకుని ఎందుకీ తాపత్రయం? నిజం రాయి. డొంకతిరుగుడుగా రాస్తే అద్దం గిద్దలూరులోనే ఉంటుంది.

నాగభూషణం.

*

మార్కాపురం,
9 జూలై.

బావా,

ఇలా బ్లాక్‌మెయిల్ చేస్తావని తెలిస్తే ఆ అద్దం వంకర గురించి ఇంకో నాలుగు మాటలు అనుండేవాణ్ణి. సరే, నిజమే రాస్తున్నాను. చదివి చింపెయ్.

నీ చెల్లెలు నాతో మాట్లాడదు. పోట్లాట ఏమీ లేదు. ఉప్పు సరిపోయిందా, గ్యాస్ వాడు వచ్చాడా, ఇంతే. నేనూ అంతే, నోట్లో నాలుక లేనివాణ్ణి కాదు గానీ, ఇంట్లో అది బయటికి రాదు. పిల్లలిద్దరూ కాపురాలకు వెళ్ళాక ఇంకా తగ్గింది. తాసిల్దారు వచ్చాక ఆమె సాయంత్రం పూట దాని ముందు స్టూలేసుకుని కూర్చుని కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది. దానికి వానపాములు వేస్తూ రోజంతా జరిగినవి చెబుతుంది. కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని చెబుతుంది. పెద్దదాని అత్తగారు ఏమందో చెబుతుంది. ఒకరోజు మీ నాయన గుర్తొచ్చి ఏడ్చింది, అది కూడా దానికే చెప్పింది. మోకాళ్ళు నొప్పెడుతున్నాయని నాకు తెలిసింది ఇట్లాగే.

నేను ఎదురుగా కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని వింటాను. ఈ ఎనిమిదేళ్ళుగా నా భార్య గురించి నాకు తెలిసినదంతా అలా తెలిసిందే. ఆ చేపను కంభం చెరువులో వదిలేస్తే ఆమె మనసులో ఏముందో నాకు ఇక ఎవరు చెబుతారు బావా? ఇప్పుడు ఇంట్లో నేనూ అదీ మొహమొహాలు చూసుకుంటున్నాం. నాకు కబుర్లు చెప్పడం రాదు, దానికి నా మీద ఆసక్తి లేదు. ఆమె లేకపోతే ఈ ఇల్లు పనికిరాదు, చేప లేకపోతే ఆమె ఉన్నా సగమే ఉంటుంది. ఆ భయంతో పట్టాను డ్రిల్లు.

చాలా? అద్దం పంపు.

గురుస్వామి.

*

గిద్దలూరు,
15 జూలై.

బావా,

ఉత్తరం అందింది. చదవడం మధ్యలో కాసేపు ఆగింది, మళ్ళీ సాగింది.

అద్దం పొద్దున బస్సుకు వేశాను. నీకు ఒకటి చాలదని రెండు కోయించాను. మొదటిదానికి నువ్వు మళ్ళీ పలకల ఫ్యాక్టరీ గుర్తు తెచ్చుకోవచ్చు.

నాగభూషణం.

*

మార్కాపురం,
6 ఆగస్టు.

బావా,

రెండో అద్దం అక్కర్లేకపోయింది. డ్రిల్లు పట్టే ముందు సుత్తినీ మేకులనూ యోబు ఇంటికి పంపించేశాను. కన్నం నిండు చందమామలా వచ్చింది. తెగిన బిళ్ళను జేబులో వేసుకుని ఊళ్ళో నలుగురికి చూపించాను. ఎవరూ ఏమీ అనలేదు. అది ఏమిటో వాళ్ళకు తెలియదు.

కన్నంలో పైపును పట్టి ఉంచే ట్యాంక్ నిపుల్ బిగించేటప్పుడు యోబు రెంచి తీశాడు. చేత్తో బిగిస్తే చాలని గుంజుకున్నాను. "ఇరవై ఏండ్ల సర్వీసు నాది, రెంచి లేకుండా బిగిస్తే మా మోటార్లు నవ్వుతాయన్నా" అన్నాడు. నీళ్ళు పోసి చూశాం, చుక్క కారలేదు. కింది తొట్టిని స్టాండు కింద పెట్టి, పైన బిరడా తీసి పైపు తగిలించి, మోటారు వేశాం. నీళ్ళు దిగాయి, ఎక్కాయి. యోబు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. పైకెళ్ళే పైపు మూతకు అడ్డం వస్తోందని మూత తీసి పక్కన పెట్టాను. మంచి కాఫీ పెట్టుకుని తాగాలనిపించి వంటింట్లోకి పోయాను.

అప్పుడు కరెంటు పోయింది.

పైకెళ్ళే పైపు మూతిని తొట్టి అడుగుదాకా ముంచి పెట్టాం బావా. మోటారు ఆగేసరికి అదే పైపు పై తొట్టి నీళ్ళను కిందికి పీల్చడం మొదలుపెట్టింది. కింది తొట్టి నిండింది, పొర్లింది, హాలు నిండింది. కాఫీ గ్లాసుతో వచ్చి చూస్తే పై తొట్టిలో బెత్తెడు నీళ్ళు ఉన్నాయి. తాసిల్దారు లేడు.

నీ చెల్లెలికి ఏం చెప్పాలి అని కూడా కాదు, ముందు ఆ ఖాళీ తొట్టి చూస్తేనే ఏడుపొచ్చింది. "రేయ్ తాసిల్దారూ" అని గట్టిగా పిలిచాను. చేపను పేరు పెట్టి పిలిచే స్థితికి వచ్చాను. మంచం కింద చూశాను, టీవీ వెనక చూశాను. ఆ నీళ్ళు గడప దాటి పక్కనున్న పాత పలకల గోడౌన్‌లోకి పారాయి. యోబు చీపురు పట్టుకుని అటు పోయి, ఎంతకూ తిరిగి రాలేదు. చింతపులుసు గుర్తొచ్చి పరుగెత్తాను. పోయి చూస్తే పలకల దొంతరల మధ్య గోతంపట్టా తడిపి పరుస్తున్నాడు. దాని మీద తాసిల్దారు. మొప్పలు కొట్టుకుంటున్నాయి. యోబు దాన్ని పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తుకుని వచ్చి తొట్టిలో వదిలాడు.

"నీ ఇంట్లో నడుచుకుంటా పోయే చేపను ఎవురు తింటారన్నా" అన్నాడు. ఆ మాట అంటూ మొహం తిప్పుకున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, నీళ్ళలో పని చేశాడు కాబట్టి అనుకుంటాను.

పైకెళ్ళే పైపుకు నీటిమట్టానికి కాస్త కింద చిన్న బెజ్జం వేశాం. కరెంటు పోయి మట్టం తగ్గగానే గాలి దూరి, పీల్చడం ఆగిపోతుంది. మూతకు గాడి కోసి పైపు దూర్చాం. మళ్ళీ మళ్ళీ కరెంటు తీసి చూశాను, చుక్క పొర్లలేదు. తాసిల్దారు రెండు రోజులు అలిగి, ఇప్పుడు తింటున్నాడు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే వాడి మొహంలో విసుగు ఇప్పుడు స్పష్టంగా కనపడుతోంది.

తులసమ్మ ఎప్పుడొస్తుందో అడిగి రాయి. నేను అడిగానని చెప్పకు.

గురుస్వామి.

*

గిద్దలూరు,
12 ఆగస్టు.

ఏమండీ,

నా చేతిరాత చూసి కంగారుపడకండి. నాకు బాగానే ఉంది. కర్ర వదిలేశాను. మొన్న అన్నయ్య కుడి కంటికి కూడా శుక్లం తీశారు. ఇకమీదట మీ ఆవగింజలు తనే ఏరుకుంటాడు. ఇన్నాళ్ళూ మీ ఉత్తరాలు చదివి వినిపించింది నేను. మొదటిదాని నుంచీ. అన్నయ్య తన నోటితో చెప్పనని ఒట్టేశాడు, పాపం చెప్పలేదు. నేనే నా నోటితో చదువుకున్నాను. "తులసమ్మకు తెలియకూడదు" అన్న ముక్కతో సహా.

దోర్నాల రోడ్డు పెద్దమనిషి ఉత్తరం నాడు నవ్వి నవ్వి కుట్ల దగ్గర నొప్పెట్టింది. అద్దం చుట్టిన బొంత నాదే, గుర్తుపట్టలేదు మీరు. ఎందుకింత తాపత్రయమో అడగమన్నదీ నేనే. చేప మీద ప్రేమ అంటారనుకున్నాను.

ఆ జవాబు చదువుతూ మధ్యలో ఆగిపోయాను. అన్నయ్య నల్లద్దాలు తీసి తుడుచుకుంటూ "కానీయమ్మా" అన్నాడు. చదివాను. మళ్ళీ మొదటినుంచి చదవమన్నాడు. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే నేనే ఇంకోసారి చదివాను. చింపెయ్యమన్నారు, చింపలేదు.

పేపరు వెనకనుంచి మీరు వింటున్నారని నాకు తెలుసు. నేను దాని ముందు కూర్చున్నాక మీరు ఒక్క పేజీ తిప్పగా చూడలేదు. కరెంటు బిల్లు సంగతి చేపకెందుకండీ? మీరు వినకపోతే రెండు వానపాములు పడేసి లోపలికి పోయేదాన్ని. మీ మొహం చూస్తూ చెబితే మీరు లేచి ఫ్యాక్టరీకి పోయేవాళ్ళు, అది చూసే అలా అలవాటు చేసుకున్నాను. చెరువులో వదిలేస్తానని కారులో అన్నది కూడా, మీరు వద్దంటారేమో చూద్దామని. మీరు ఒక్క మాట అనలేదు. కిటికీలోంచి కంభం దాకా చూస్తూ కూర్చున్నాను. మీరు అప్పటికే డ్రిల్లు గురించి ఆలోచిస్తున్నారని నాకేం తెలుసు.

యోబుకు నేను వచ్చాక పులిహోర చేసి పెడతాను. చింతపండు దానికీ కావాలి.

వచ్చే ఆదివారం వస్తున్నాను. అన్నయ్య కూడా వస్తున్నాడు, కొత్త కళ్ళతో ఆ అద్దం చూస్తాడట. వంకర ఎక్కడుందో తేలాలంటున్నాడు. మీ ఇద్దరూ అది తేల్చుకునేటప్పుడు నన్ను పిలవకండి.

కింది తొట్టి బాగా నడుస్తోందన్నారు, సంతోషం. అయినా అప్పుడప్పుడూ కొంచెం పాత నీళ్ళు తీసి కొత్తవి పోయాల్సిందే, అందుకని బకెట్లు పారేయకండి. తాసిల్దారు ముందు నా స్టూలు తీసేసి మీ కుర్చీ వేయండి, అంత పొట్టిదాని మీద కూర్చోవద్దన్నాడు డాక్టరు. మీరు నీళ్ళు మోస్తూ దానితో ఏమైనా చెప్పుకోవాలనుకుంటే చెప్పుకోండి.

పేపరు నేను పట్టుకుంటాను.

మీ
తులసి.